అమృతాంజనం పసుపు సీసా: పదిహేనేళ్లుగా వాడుతున్న నా మాట

పగలంతా నాకు ప్రూఫులు దిద్దే పని, సాయంత్రం ఆరు దాటితే వయొలిన్. రెండూ మెడకు పడనివే. మన పద్ధతిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించి, రెండో కొసను ఎడమ భుజం దగ్గర ఛాతీకి నొక్కిపెట్టి వాయిస్తాం కదా, గంటన్నర వర్ణాలు సాధన చేసేసరికి మెడ ఎడమ పక్కన ఒక నరం తాడులా బిగుసుకుంటుంది. దానికి తోడు రోజంతా సన్నటి అక్షరాలు చూసిన తలనొప్పి. అందుకే నా వయొలిన్ పెట్టెలో కమాను వెంట్రుకలకు రుద్దే రోజిన్ ముక్కతో పాటు చిన్న అమృతాంజనం సీసా ఎప్పుడూ ఉంటుంది. పదిహేనేళ్లలో ఎన్ని సీసాలు అయ్యాయో లెక్క లేదు. ఇంతకాలం వాడి దాని గురించి నాలుగు మాటలు రాయకపోవడం బాగోలేదనిపించి ఇవాళ కూర్చున్నాను.

మూత తిప్పగానే వచ్చే ఆ వాసన గురించి తెలుగువాళ్లకు నేను చెప్పాలా! కర్పూరం, పుదీనా పువ్వు, దాని వెనకే గంధపుర తైలం ఘాటు. కొత్త సీసాలో లేపనం పైభాగం నున్నగా, మెరుస్తూ ఉంటుంది, గోరు ఆనిస్తే చంద్రవంకలా గుర్తు పడుతుంది. చలికాలంలో కాస్త గట్టిపడుతుంది కానీ వేలి వేడికి రెండు క్షణాల్లో కరిగి నూనె అవుతుంది. కందిగింజంత తీసుకుంటే రెండు కణతలకూ చాలు. చాలామంది వేలినిండా తీసి నుదురంతా పట్టిస్తారు, అది అనవసరం, ఎక్కువ రాస్తే ఎక్కువ తగ్గేదేమీ లేదు, కళ్లు మండటం మాత్రం ఖాయం. నేను కణతల మీద రాసి, చూపుడువేలితో గుండ్రంగా ఓ నిమిషం రుద్దుతాను, మిగిలిన తడిని మెడ వెనక పుర్రె మొదలయ్యే చోట రెండు గుంటల్లో నొక్కుతాను. మొదట ఏమీ తెలియదు. తరువాత చల్లగా, ఆ వెంటనే లోపల్నుంచి సన్నటి వేడి. ఐదు నిమిషాల్లో తల కాస్త తేలికవుతుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. పుదీనా పువ్వు, అంటే మెంథాల్, చర్మాన్ని నిజంగా చల్లబరచదు. చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలను తట్టి లేపుతుంది, మెదడుకు చల్లగా ఉందని కబురు వెళ్తుంది, ఆ కబురు హడావుడిలో నొప్పి కబురు కాస్త వెనకబడుతుంది. గంధపుర తైలంలో ఉండే మిథైల్ శాలిసిలేట్ అయితే ఆస్పిరిన్‌కు దగ్గర చుట్టం, చర్మం గుండా కొంత లోపలికి కూడా వెళ్తుంది. దీనివల్లే ఒక జాగ్రత్త చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు రోజూ ఒళ్లంతా పూసుకోకుండా డాక్టర్ని ఒక మాట అడగడం మంచిది. కర్పూరం ఉన్న ఏ బామ్ అయినా పసిపిల్లలకు రాయకూడదు, ముక్కు దగ్గర అసలే వద్దు. మన ఇళ్లల్లో జలుబు చేసిందని చంటిబిడ్డ ఛాతీకి, ముక్కుకి పెద్దవాళ్ల బామ్ పట్టించే అలవాటు ఇంకా ఉంది, దయచేసి ఆపండి. పుండ్ల మీద, గీరుకున్న చోట కూడా రాయొద్దు.

దేనికి పనిచేస్తుంది అంటే, పని ఒత్తిడి, నిద్రలేమి, మెడ పట్టేయడం వల్ల వచ్చే తలనొప్పికి బాగా పనిచేస్తుంది. ముక్కు దిబ్బడకు కొంత హాయి. అసలైన మైగ్రేన్‌కి మాత్రం ఇది చాలదు, మా పిన్నికి ఆ నొప్పి వచ్చినప్పుడు ఈ వాసనే భరించలేదు, సీసా పక్క గదిలో పెట్టాలి. పదే పదే తలనొప్పి వస్తుంటే బామ్ మీద బామ్ రాసుకుంటూ కూర్చోకుండా ముందు కళ్లు, బీపీ చూపించుకోండి. ఇది నొప్పిని కాసేపు నెమ్మదింపజేసే వస్తువు, రోగం కుదిర్చే మందు కాదు. ఆ మేరకు ఆశిస్తే మోసం చేయదు.

వాయిద్యం వాయించేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రాసుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా కమాను ముట్టుకోవద్దు. కమాను వెంట్రుకలకు జిడ్డు తగిలిందంటే అక్కడ రోజిన్ పట్టదు, తీగ మీద కమాను జారిపోతుంది, నాదం ఆ ఒక్కచోట గాలి తీసినట్టు తేలిపోతుంది. వీణ వాళ్లకైతే మెట్ల మీద వేలు జారి గమకం అనుకున్న చోట నిలవదు. నేను సాధన ముందు రాసుకోను, అయ్యాకే.

రోల్-ఆన్ కూడా వాడాను. ప్రయాణంలో, ఆఫీసులో అదే సుఖం, వేలికి అంటదు, పక్కసీటు వాళ్లకూ ఇబ్బంది తక్కువ. కానీ వేలితో రుద్దడంలోనే సగం ఉపశమనం ఉందని నా నమ్మకం. ఇంట్లోకి సీసా, బ్యాగులోకి రోల్-ఆన్.

ఇక అసలు ఈ సమీక్ష రాయాలనిపించిన కారణానికి వస్తాను. ఈ సీసా వెనక ఉన్న మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుని, వ్యాపారం మీద మనసు పడి బొంబాయి దాకా వెళ్లి 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. ఉద్యోగం దొరికితే చాలని పట్టభద్రులు అనుకునే రోజుల్లో ఒక తెలుగు కుర్రవాడు పరాయి ఊళ్లో తలనొప్పి మందు తయారుచేసి అమ్ముకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. ఆయన దాన్ని జనంలోకి తీసుకెళ్లిన తీరు నాకు మరీ ఇష్టం. సంగీత సభలకు వచ్చిన శ్రోతలకు ఉచితంగా పంచిపెట్టేవారు! కచేరీ అంటే గంటల తరబడి కూర్చోవడం, జనం ఉక్క, దీపాల వేడి, మృదంగం వాళ్లు విడిగా వాయించే తని ఆవర్తనం దగ్గరికి వచ్చేసరికి ఎంత రసికుడికైనా మెడ పట్టేస్తుంది. ఆ మనిషి చేతిలో అప్పుడు ఈ డబ్బీ పెడితే, ఐదు నిమిషాల్లో తల తేలికపడి మళ్లీ పాట వినగలిగితే, ఇక ఆ పేరు జన్మలో మర్చిపోడు. ఇప్పుడు కోట్లు ఖర్చుపెట్టి చేసే ప్రకటన ఏదీ నా లెక్కలో దీని ముందు నిలవదు, ఎందుకంటే అక్కడ మాట చెప్పలేదు, వస్తువునే అవసరమైన క్షణంలో చేతిలో పెట్టారు. ఆయన స్వయంగా గాయకుడని నేను అనడం లేదు. సంగీతం వినేవాళ్ల మధ్య తిరిగిన మనిషి, శ్రోత ఒళ్లు ఎక్కడ నొప్పెడుతుందో తెలిసిన మనిషి అంటున్నాను.

అలా వచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. 1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభ చూసి వచ్చాక తెలుగులో మంచి పత్రిక ఉండాలనుకుని మరుసటి ఏడాది బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రిక తెచ్చారు. 1914లో మద్రాసుకు మారి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక. సాహిత్యం, చరిత్ర, కళలు, శాసనాలు, ఏ విషయం మీదైనా తెలుగులో లోతుగా రాయాలంటే దశాబ్దాల పాటు అదే వేదిక. ప్రూఫులు దిద్దుకుని బతికేదాన్ని కాబట్టి చెబుతున్నాను, పాత భారతి పుట ఒకటి తీసి చూడండి, అచ్చుతప్పు దొరకడానికి ఎంతసేపు వెతకాలో! ఆంధ్ర గ్రంథమాల పెట్టి మంచి పుస్తకాలను తక్కువ ధరకు వేయించారు. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరుగుతుంటే ఆ ఉద్యమానికి అండగా నిలబడ్డారు. చదువుకునే పిల్లలకు, రచయితలకు, సంస్థలకు ఇచ్చిన చేతికి లెక్క లేదు, అందుకే విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ అనే గౌరవ బిరుదు ఇచ్చింది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది మద్రాసు మైలాపూరులోని ఆయన ఇంట్లోనే, ఆ ఇంటి పేరే ఒడంబడిక పేరైంది. ఆ మరుసటి ఏడాదే వెళ్లిపోయారు.

మా నాన్నగారు చిన్నప్పుడు పల్లెటూరి గ్రంథాలయంలో కిరోసిన్ దీపం కింద చదువుకున్నారు, అక్కడ పాత ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు అట్టలు వేసి ఉండేవట. ఎన్నిసార్లు చెప్పారో. ఆయనకు ఆ పత్రికలకూ ఈ సీసాకూ ఉన్న చుట్టరికం తెలియదు, నేను చెప్పిన రోజున చాలాసేపు సీసా చేతిలో తిప్పుతూ లేబుల్ చదివారు. "అయితే నేను చదువుకున్నది దీని డబ్బుతోనేనేమిటే" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

పెద్ద వ్యాపారాలు చేసేవాళ్లు ఇప్పుడూ విరాళాలు ఇస్తున్నారు, సంతోషమే. కాకపోతే పంతులు గారి దగ్గర నాకు కనిపించే తేడా ఏమిటంటే, ఇచ్చి పక్కకు తప్పుకోలేదు. పత్రిక నడిపారు, సంపాదకీయం బాధ్యత మోశారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లారు. ఒకే మనిషి రోజులో బామ్ లెక్కలూ, పత్రిక లెక్కలూ, ఉద్యమం లెక్కలూ ఎలా చూసుకున్నాడో! చెన్నై వెళ్లినప్పుడు మైలాపూరులో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కుకి తప్పకుండా వెళ్లండి. పొద్దున్నే నడిచేవాళ్లు, చెట్ల నీడ. ఆ పేరు ఎవరిదో అక్కడ కూర్చున్నవాళ్లను అడిగితే చాలామందికి తెలియకపోవచ్చు, తెలుగువాళ్లమైనా తెలుసుకుని వెళ్దాం.

కొనేవాళ్లకు ఇంకో రెండు మాటలు. మొదటిసారి అయితే చిన్న సీసాయే తీసుకోండి, కొందరి చర్మానికి ఘాటు బామ్‌లు పడవు, ముంజేతి లోపలివైపు కాస్త రాసి చూసుకున్నాకే ముఖానికి. ఎండలో పెట్టొద్దు, కరిగి మూత మరల్లోకి వచ్చేస్తుంది. రాసిన చోట వేడినీళ్ల కాపడం పెట్టకండి, చర్మం కమిలిపోతుంది. ఐదుకి నేను నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది వాసన కోసం, నాకు ఇష్టమే కానీ ఇంట్లో అందరికీ పడదు కదా.

పోయిన సంవత్సరం విజయవాడలో ఒక కచేరీకి వెళ్లాను. రాగం తానం పల్లవి మొదలయ్యే ముందు మెడ మరీ బిగుసుకుపోతే బ్యాగులోంచి సీసా తీసి, వాసన ఎవరికీ తగలకూడదని వంగి, మూత సగమే తిప్పాను. పక్కన కూర్చున్న పెద్దావిడ వేదిక మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపింది. "అమృతాంజనమేనా అమ్మా? కాస్త ఇటివ్వు" అంది. ఆవిడ రాసుకుని పక్కాయనకు ఇచ్చింది, ఆయన వెనక వరుసకు ఇచ్చాడు. పల్లవి అయ్యి తని ఆవర్తనం మొదలయ్యేసరికి సీసా నా చేతికి తిరిగొచ్చింది, నున్నగా ఉన్న లేపనం మీద ఐదారు వేళ్ల గుంటలతో.