భూతాప క్షేత్రంలో స్ప్రింగు గ్రావిమీటరు: కొన్నేళ్ల వాడకం తర్వాత

భూమి లోపలి వేడిని బావులతో తోడుకునే భూతాప క్షేత్రంలో ఆవిరి, వేడినీరు కలిసి ఉన్న చోట పీడనం ఉష్ణోగ్రతకు కట్టుబడి ఉంటుంది. కింద నీరు తరిగిపోతున్నా బావిలోని పీడనం పెద్దగా కదలదు. కింద ద్రవ్యరాశి తగ్గితే పైన గురుత్వం కాస్త తగ్గుతుంది కాబట్టి, ఎంత ద్రవ్యరాశి పోయింది, ఎంత తిరిగి చేరింది అన్న లెక్క తేల్చేది గురుత్వమే. స్ప్రింగు సాయంతో గురుత్వాన్ని కొలిచే క్వార్ట్జ్ స్ప్రింగు గ్రావిమీటరును ఈ పనికే కొన్నేళ్లుగా వాడుతున్నాను. పరికరం మంచిదే. అదొక్కటీ కొనుక్కుని క్షేత్రానికి బయలుదేరేవారిని మాత్రం ఆపుతాను.

మైక్రోగాల్ గురుత్వానికి చాలా చిన్న కొలమానం. భూమి గురుత్వం సుమారు 98 కోట్ల మైక్రోగాల్‌లు. మనం పట్టుకోవాల్సిన మార్పు అందులో కొన్ని పదులు. నేల 1 సెంటీమీటరు కుంగితే చాలు, రీడింగు దాదాపు 3 మైక్రోగాల్‌లు పెరుగుతుంది. న్యూజిలాండ్‌లోని వైరాకీ భూతాప క్షేత్రంలో నేల కొన్నిచోట్ల మీటర్ల లెక్కన కుంగింది. అలాంటి చోట ఎత్తు కొలవకుండా గురుత్వం కొలిస్తే కాగితం దండగ. 10 శాతం ఖాళీలున్న నేలలో పై భూగర్భజలం 1 మీటరు దిగినా సుమారు 4 మైక్రోగాల్‌లు తగ్గుతాయి. దాన్ని లోతున జరిగిన నష్టంగా పొరబడటం చాలా తేలిక. లెవెలింగుకూ (నేల ఎత్తుల కొలతకూ), భూగర్భజల మట్టం చూసే పరిశీలక బావులకూ డబ్బు పక్కన పెట్టాకే ఈ పెట్టె సంగతి చూడండి.

వాడకంలో ఓపిక కావాలి. ముక్కాలి పీట మరలు తిప్పి, తెర మీద వంపు అంకెలు సున్నా దగ్గరికి వచ్చాక చేయి తీసేయాలి. వాహనంలో కుదుపులు తిన్న స్ప్రింగు మొదట్లో ఒకే వైపుకు జారుతూ ఉంటుంది. వరుస రీడింగులు దగ్గరపడేదాకా ఏదీ రాసుకోను. ఆవిరి గొట్టాల పక్కన అదురు, గాలి రోజున ఊపు, దూరాన పెద్ద భూకంపం వస్తే ఆ పూట పని సున్నా. స్ప్రింగు సహజంగానే కాలంతో సాగుతుంది కాబట్టి కొన్ని గంటలకోసారి క్షేత్రం బయటి ఆధార స్థానానికి తిరిగి వచ్చి, ఆ సాగుదల ఎంతో కొలుచుకోవాలి. చంద్ర సూర్యుల ఆకర్షణ సవరణను యంత్రమే చేసుకుంటుంది, అది హాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే మాత్రం చిక్కే: లోపలి భాగం మళ్లీ వేడెక్కి కుదుటపడటానికి రోజు, ఒక్కోసారి రెండు రోజులు.

ఇంత శ్రమకూ ఫలితం ఉంది. వైరాకీలో మొదట్లో తోడినదానిలో కొంత భాగమే తిరిగి చేరిందని, తర్వాత ఊట బాగా పెరిగిందని ఇలాంటి పునఃకొలతలే చూపించాయి. ఐస్‌లాండ్‌లోని థైస్తారేకిర్‌లో అతివాహక గ్రావిమీటర్లు (స్ప్రింగుకు బదులు అయస్కాంత బలంతో తేలే గోళం ఉన్నవి) పెట్టి మార్పును నిరంతరం నమోదు చేశారు. వాటికి స్థిరమైన గది, ఆగని కరెంటు కావాలి. అది లేనివారికి స్ప్రింగు పరికరమే గతి. తక్కువ నీరు తోడే చిన్న క్షేత్రమైతే ఏటేటా కొలవకండి. రెండు మూడేళ్లకోసారి, అదే ఋతువులో, అవే స్థానాల్లో కొలిస్తేనే మార్పు పొరపాటు హద్దును దాటి కనిపిస్తుంది.