పాత బ్లేడ్లు కొనేవారికి హెచ్చరిక: ‘సీలు విప్పని’ ప్యాకెట్టులో వాడి పారేసిన బ్లేడు

పాత కాలపు బ్లేడ్ల మీద మోజున్న మిత్రులందరూ దయచేసి ఇది చదవండి. ఎవరి గురించి రాస్తున్నానో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ప్రతి ప్యాకెట్టునూ నీలి గళ్ల లుంగీ గుడ్డ మీద పెట్టి ఫోటో తీసి, ఆన్‌లైన్ సైటులో ప్రకటన పెట్టి అమ్మే ఆయన గురించే. పేరు రాయను. ఆ ప్యాకెట్టు మీదున్న కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే ఇందులో దాని తప్పేమీ లేదు.

అటక మీద నాన్నగారి మూడు ముక్కల రేజరు దొరికింది. ఆయన వాడిన లాంటి కార్బన్ స్టీలు బ్లేడుతో ఒక్కసారైనా గడ్డం గీసుకోవాలన్న కోరిక అక్కడ మొదలైంది. 1962లో విల్కిన్‌సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడును తెచ్చి, మరుసటి ఏడాది జిలెట్ కూడా అదే దారి పట్టేదాకా జనం ఎక్కువగా వాడింది ఈ కార్బన్ బ్లేడునే; తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పట్టే ఆ బ్లేడును నాన్నగారు జాగ్రత్తగా తుడిచి, గాజు గ్లాసు లోపలి వైపు రుద్ది పదును పెట్టుకుని, ఒక్కో బ్లేడును రోజుల తరబడి లాగించేవారు. అమ్మకందారు నాకు సరిగ్గా ఆ మాటే అమ్మారు: ‘1965కు ముందు నాటి అసలైన కార్బన్ బ్లేడు సార్, సీలు కూడా విప్పలేదు.’ ఐదేసి బ్లేడ్ల ప్యాకెట్లు నాలుగు, మొత్తం 2,400 రూపాయలు. సైటు ద్వారా కాకుండా నేరుగా యూపీఐలో పంపితే 200 తగ్గిస్తానన్నారు. పంపాను. ఆ రెండు వందలు మిగుల్చుకున్న తెలివికి ఎవరైనా శాలువా కప్పదలిస్తే నేను సిద్ధంగా ఉన్నాను.

నాలుగో రోజున పార్సిల్ వచ్చింది. మొదటి బ్లేడు బిగించి గీసుకుంటే గడ్డం తెగడం కన్నా పీకినట్టు ఉండడమే ఎక్కువైంది; దవడ కింద రెండు చోట్ల రక్తం వచ్చింది. పాత బ్లేడు స్వభావం అంతేనేమో, లోపం నా చేతిలోనే ఉందేమో అని సరిపెట్టుకుని, పటిక రుద్దుకుని లేచాను. వాడేముందు స్పిరిట్‌లో ముంచాలని పక్కవారికి పాఠాలు చెప్పే నేను, ఆ ఉత్సాహంలో ఆ పని కూడా చేయలేదు.

రెండు రోజుల తర్వాత అదే ప్యాకెట్టులోంచి రెండో బ్లేడు తీశాను. మైనపు కాగితం మడతలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. విప్పి చూస్తే బ్లేడు మధ్య చీలికలో ఎండిపోయిన సబ్బు తెట్టు, అందులో అంటుకుని రెండు నెరిసిన వెంట్రుకలు కనిపించాయి. అవి నావి కావు, ఎందుకంటే ఆ బ్లేడు అప్పటికి నా ముఖాన్ని చూడనే లేదు. ఎవరో ఒక పెద్దాయన గీసుకుని పారేసిన బ్లేడును ఏరి తెచ్చి, కాగితం చుట్టి, నాకు అమ్మారన్నమాట. మరి మొదటి బ్లేడు సంగతేమిటన్న ప్రశ్న అప్పుడు తట్టింది, కడుపులో తిప్పింది.

అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ప్యాకెట్టును చదివాను. చిరునామాలో బొంబాయి పక్కన ఆరంకెల పిన్ కోడు ఉంది. మన దేశంలో పిన్ కోడు వచ్చిందే 1972 ఆగస్టు 15న. అంతకు ముందయితే ‘బొంబాయి-1’ అని పోస్టల్ జోను అంకె మాత్రమే వేసేవారు. 1965కు ముందు నాటి ప్యాకెట్టుకు ఆ భవిష్యవాణి ఎవరు వినిపించారో తెలియదు. ఈ పిన్ కోడు ప్రకటనలోని ఫోటోలో కూడా స్పష్టంగానే ఉంది. నేనే చూడలేదు. మూడో బ్లేడును రాత్రంతా నీళ్ల సాసరులో ఉంచి చూశాను; తెల్లారి కూడా తళతళలాడుతూనే ఉంది, కాబట్టి కార్బన్ అన్న మాటా అబద్ధమే.

ఫోన్ చేశాను. డబ్బు పంపేదాకా నన్ను ‘సార్, సార్’ అన్న మనిషి ఈసారి ఎత్తగానే ‘చెప్పండి అంకుల్’ అన్నారు. వెంట్రుకల ఫోటో పంపితే, ‘మీ వెంట్రుకలే అయ్యుంటాయి, మీకు కనిపించదేమో’ అన్నారు. పిన్ కోడు సంగతి అడిగాను. ఆయన నవ్వారు. కంగారు పడలేదు, మాట మార్చలేదు, నిజంగా సరదాగా నవ్వి, ‘ఇంత చదివేవారు డబ్బులు వేయకముందే చదువుకోవలసింది అంకుల్. భయమేస్తే సెలూన్‌కు వెళ్లండి’ అని పెట్టేశారు. మరుక్షణం నా నంబరును బ్లాక్ చేశారు. ఇన్ని రోజులైనా నన్ను తినేస్తున్నది 2,200 రూపాయలు కాదు, ఆ నవ్వు. అందులోనూ ఆయన అన్న మొదటి వాక్యం అక్షరాలా నిజం కావడం. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో ఇతరుల కాగితాలు పట్టి పట్టి చూసినవాణ్ని, అగ్గిపెట్టెలో సగం లేని అట్టముక్కను చదవలేకపోయాను.

డాక్టరు గారు టెటనస్ ఇంజెక్షను, హెపటైటిస్-బి టీకా మొదటి డోసు వేసి, హెచ్‌ఐవీతో సహా రక్త పరీక్షలు రాశారు. కొన్నింటిని కొంతకాలం తర్వాత మళ్లీ చేయించాలన్నారు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతకగలదట. నా పార్సిల్ నాలుగు రోజుల్లోనే చేరింది. అంత త్వరగా పంపినందుకు ఆ రోజు ఆయనకు ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాను.

సైటువారు తమ ద్వారా చెల్లించలేదు కాబట్టి సంబంధం లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీరు కొనదలిస్తే ప్యాకెట్టు అన్ని వైపులా దగ్గర నుంచి తీసిన ఫోటోలు అడగండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, కాగితం మడత మీద ఏ మాత్రం అనుమానం ఉన్నా ఆ బ్లేడు చర్మానికి తగలనివ్వకండి. డబ్బు మాత్రం సైటు ద్వారానే కట్టండి.

ఇది రాసే ముందు ఆ ప్రకటన మళ్లీ చూశాను. అదే లుంగీ గుడ్డ, అవే ప్యాకెట్లు ఉన్నాయి, కానీ ఈసారి పిన్ కోడు ఉన్న చోట ఆయన బొటనవేలు అడ్డం పెట్టారు.