కారు లేకుండా ఎడిన్‌బరా చుట్టుపక్కల: ఏడేళ్ల తర్వాత నా మాట

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాకి వచ్చి ఏడేళ్లయింది, కారు కొనలేదు. మొదట్లో డబ్బుల్లేక, తర్వాత పార్కింగ్ గోల చూసి, ఇప్పుడు అలవాటైపోయి. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణాలు ఎన్ని చేశామో లెక్క లేదు. కొత్తగా వచ్చిన మనవాళ్లు "కారు లేకపోతే ఇక్కడ ఏం చూస్తాం అక్కా" అంటారు. చాలా చూస్తారు. కాకపోతే ఎక్కడికి వెళ్లాలన్నది కాదు, తిరుగు బండి ఎన్నింటికన్నది ముందు చూసుకోవాలి.

బస్సులు, రైళ్ల వేళలు చెప్పే ట్రావెల్‌లైన్ స్కాట్లాండ్ యాప్‌లో నేను రావడమే ముందు వెతుకుతాను. చివరి బస్సు ఎన్నింటికో చూసి, దాని ముందుదాన్ని మనది అనుకుంటాను. చివరిదాన్ని దేవుడికి వదిలేస్తాను. ఈ బుద్ధి ఊరికే రాలేదు. ఒక జనవరి సాయంత్రం ఓ పల్లెటూరి స్టాపులో చివరి బస్సు కోసం గంట నిలబడ్డాం. రాలేదు. పిల్లాడికి చలి, నాకు టెన్షన్, మా ఆయన మౌనం. టాక్సీకి ఇచ్చిన డబ్బుతో ఆ నెల రెండు ప్రయాణాలు చేసుండేవాళ్లం.

అందుకే నా ఓటు రైలుకి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడి రైళ్లు నడిపే స్కాట్‌రైల్‌లో రద్దీవేళ ఎక్కువ ఛార్జీ ఎత్తేశారు. సెలవు పెట్టిన రోజు తెల్లారే బయల్దేరినా అదే రేటు. ఇంతకుముందు చవక టికెట్ కోసం స్టేషన్లో గడియారం చూస్తూ నిలబడేవాళ్లం. బస్సుల్లో అయితే మావాడికి టికెట్టే లేదు. ఇక్కడ ఉండే 5 నుంచి 21 ఏళ్ల వాళ్లకి 2022 జనవరి నుంచి బస్సు ఉచితం, ముందుగా కార్డు తెప్పించుకోవాలంతే. రైలుకి అది చెల్లదు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నార్త్ బెరిక్ చెబుతాను. అరగంట రైలు, దిగి నడిస్తే సముద్రం, ఊరి వెనక 187 మీటర్ల గుట్ట. సముద్రంలో బాస్ రాక్ అనే పెద్ద బండ ఉంటుంది. వేసవిలో దూరం నుంచి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా కనబడుతుంది. అదంతా గానెట్ పక్షులూ వాటి రెట్టలూ. 2022 బర్డ్ ఫ్లూ తర్వాత కొంత తగ్గాయి కానీ చూడదగ్గదే. మేం తెలియక మొదటిసారి నవంబరులో వెళ్లాం. పక్షులన్నీ దక్షిణానికి వెళ్లిపోయాయి. బండని చూసి, చేపా చిప్సూ తిని వచ్చేశాం.

సెయింట్ ఆండ్రూస్ సంగతి వేరు. అంత పేరున్న ఊరికి రైల్వే స్టేషన్ లేదు, 1969లో మూసేశారు. లూకర్స్‌లో దిగి పదిహేను నిమిషాలు బస్సులో వెళ్లాలి. టికెట్ కొనేటప్పుడే బస్సుతో కలిపి అడిగితే ఒకటే టికెట్ ఇస్తారు. నా సలహా ఆదివారం వెళ్లమని. అక్కడి పేరుమోసిన గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆదివారాలు ఆడరు, ఆ గడ్డి మీద ఎవరైనా నడవచ్చు. ఇబ్బందల్లా ఆదివారమే రైళ్లు, బస్సులు తక్కువ.

ఆ దారిలోనే సముద్రపు పాయ మీద ఫోర్త్ రైలు వంతెన వస్తుంది. 1890 నాటిది, మా రాజమండ్రి పాత వంతెన కంటే పదేళ్లు పెద్దది. అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లాను. రైలు నీళ్ల మీదకి రాగానే గోదావరి దాటుతున్నట్టు పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి కిటికీ వెతుక్కుంది. ఇక్కడి రైలు కిటికీలు తెరుచుకోవు. "ఇదేం రైలే, దండం పెట్టుకుని డబ్బు వెయ్యడానికి కూడా లేదు" అని విసుక్కుంది. ఒకప్పుడు ఇక్కడి వాళ్లూ ఈ వంతెన మీంచి అదృష్టం కోసం పెన్నీలు విసిరేవారని చెబితే, "మరి మూసేశారెందుకు" అంది.

ఊళ్లోనే కావాలంటే 41 నంబరు బస్సెక్కి సముద్రం ఒడ్డునున్న క్రామండ్ వెళ్లండి. ఆటు సమయంలో నీళ్లు తీస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో పడవలకి అడ్డంగా పాతిన కాంక్రీటు దిమ్మెల పక్కనుంచి ఎదురుగా ఉన్న ద్వీపానికి నడిచిపోవచ్చు. ఇక్కడ టైమ్‌టేబుల్ బస్సుది కాదు, సముద్రానిది. పోటు వచ్చేలోపు ఇవతలికి రాకపోతే లైఫ్‌బోటు రావాలి. బయల్దేరే ముందు 81400కి ఇంగ్లీషులో క్రామండ్ అని మెసేజ్ పెడితే ఆ రోజు క్షేమంగా దాటే వేళలు వస్తాయి.

దక్షిణాన ట్వీడ్‌బ్యాంక్ అనే ఊరికి వెళ్లే రైలు గురించి ఒక్క మాట. 1969లో పీకేసిన లైనులో కొంత 2015లో మళ్లీ వేశారు. గంటలోపే చేరి, నది పక్కన నడిచి మెల్‌రోజ్ మఠం చూసి రావచ్చు. అంతకంటే నాకు పెద్దగా నచ్చలేదు.

కారు లేకపోతే కుదరనివీ ఉన్నాయి. గ్లెన్‌కోకి ఒక్కరోజులో వెళ్లి వస్తే కొండలన్నీ బస్సు కిటికీలోంచే చూడాలి. స్కై ద్వీపం అసలు అనుకోవద్దు. అలాంటి వాటికి ఏడాదికి రెండుసార్లు కారు అద్దెకి తీసుకుంటాం, రాత్రి అక్కడే ఉంటాం.

డిసెంబరులో మూడూ నలభైకే పొద్దుగూకుతుంది. అప్పుడు మాకు లిన్‌లిత్‌గో ఒక్కటే దిక్కు. ఇరవై నిమిషాల రైలు, అయిదు నిమిషాల నడక, 1542లో స్కాట్లాండ్ రాణి మేరీ పుట్టిన కోట. 1746లో కాలిపోయాక పైకప్పు లేదు, వాన పడితే గొడుగేసుకునే చూడాలి. వెనక చెరువు చుట్టూ ఒక గంట తిరిగి, మూడింటికల్లా రైలెక్కి, ఇంటికొచ్చి వేడివేడిగా ఉప్మా చేసుకుంటాం.