మూడేళ్లుగా మా ఆఫీసు గుమ్మం దగ్గర క్యాడీ

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు రెండు గదులు. ఎనిమిది మందిమి, బీరువా మీద ఒక పాత మినీ పీసీ. కోడ్ దాచుకునే గిటియా, గ్రాఫులు చూపే గ్రాఫానా, బిల్లుల యాప్ అన్నీ దాంట్లోనే, డాకర్‌లో (ఒక్కో యాప్‌నూ విడి డబ్బాలో, అంటే కంటైనర్‌లో, నడిపే సాఫ్ట్‌వేర్). వాటి ముందు మూడేళ్లుగా రివర్స్ ప్రాక్సీగా, అంటే వచ్చే రిక్వెస్టులను అందుకుని సరైన యాప్‌కి పంపేదిగా, క్యాడీ అనే వెబ్ సర్వర్ నడుస్తోంది. అంతకుముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ ఉండేది. అది చెడ్డదేం కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్‌ను (సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చూపే పత్రం) 90 రోజుల గడువులోపు మార్చే నా స్క్రిప్టే మొరాయించేది.

క్యాడీలో ఆ గొడవ లేదు. ఒక్కో సర్వీసుకు మూడు లైన్లు రాస్తే చాలు, సర్టిఫికెట్ సంగతి అదే చూసుకుంటుంది. వెబ్‌సాకెట్లకు (పేజీకీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్లు) విడిగా ఏమీ రాయక్కర్లేదు.

నేను దెబ్బతిన్నది 'టీఎల్ఎస్ ఇంటర్నల్' అనే సెట్టింగ్ దగ్గర. అది పెడితే క్యాడీ బయటి సంస్థను అడగకుండా సొంత రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకు మూలం) తయారుచేసుకుంటుంది. దాన్ని అందరి ల్యాప్‌టాపుల్లో నేనే కూర్చుని ఎక్కించాను. ఫోన్లతో వేరే తంటా: ఆండ్రాయిడ్ 7 నుంచి, మనం ఎక్కించిన రూట్‌ను యాప్‌లు మామూలుగా నమ్మవు. ఒక శుక్రవారం క్యాడీ కంటైనర్ తీసేసి మళ్లీ పెట్టాను. దాని డేటా ఫోల్డర్‌కు వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే చోటు) ఇవ్వలేదు. పాత రూట్ పోయి కొత్తది పుట్టింది. ఎనిమిది స్క్రీన్ల మీదా హెచ్చరికే. "అన్నా, హ్యాక్ అయ్యామా?" అన్నాడు పక్క సీటు తమ్ముడు.

ఆ వారమే డీఎన్ఎస్ ఛాలెంజ్‌కి మారాను, అంటే డొమైన్ మనదేనని దాని డీఎన్ఎస్ రికార్డుల్లో ఒక గుర్తు పెట్టి చూపే పద్ధతికి. బయటికి ఏ పోర్టూ తెరవకుండానే అసలు సర్టిఫికెట్ వస్తుంది. అన్ని సబ్‌డొమైన్లకూ ఒకటే పనికొచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే ప్రతి సబ్‌డొమైన్ పేరూ సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగుల్లో (ఇచ్చిన సర్టిఫికెట్లను రాసిపెట్టే బహిరంగ చిట్టాలు) ఊరందరికీ కనబడుతుంది. ఆ రికార్డులు మార్చడానికి క్యాడీకి ఇచ్చే డీఎన్ఎస్ టోకెన్‌కి ఆ ఒక్క డొమైన్ మీదే హక్కు ఇవ్వండి. విసుగల్లా ఒక్కటే: డీఎన్ఎస్ మాడ్యూల్ మామూలు క్యాడీలో రాదు. ఎక్స్‌క్యాడీ అనే బిల్డ్ టూల్‌తో మనమే కట్టుకోవాలి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ కట్టాలి.

ఇంతా చేసి, ఏడాది పాటు పెరటి తలుపు తీసే ఉంచాను. డాకర్‌లో పబ్లిష్ చేసిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని పోతుందని నాకు తెలియదు. ఆఫీసు వైఫైలో ఎవరైనా ఆ పీసీ ఐపీ అడ్రసు, పోర్టు 3000 అని కొడితే గ్రాఫానా నేరుగా తెరుచుకునేది. పాస్‌వర్డులు ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీలో. ఇందులో క్యాడీ తప్పేం లేదు. కానీ తాళం బాగుందని మురిసిపోతూ గోడ చూసుకోలేదు నేను. ఇప్పుడు క్యాడీవి తప్ప మిగతా పోర్టుల పబ్లిషింగే తీసేశాను. సర్వీసులన్నీ క్యాడీతో పాటు ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వైర్‌గార్డ్ వీపీఎన్‌తో వస్తారు.

ఏది మార్చినా వేరే ల్యాప్‌టాప్ నుంచి తెరిచి ఉన్న పోర్టులు చూపే ఎన్‌మ్యాప్ కొట్టి చూస్తాను. క్యాడీ వాడే 80, 443, రిమోట్ లాగిన్‌కి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తప్ప ఇంకేం కనబడకపోతేనే టీకి లేస్తాను.