స్వెట్‌ప్రూఫ్ అని అమ్మిన ఇయర్‌బడ్స్ చెమటకే పోయాయి: కొనేముందు వారంటీ కాగితం చదవండి

జిమ్‌కో పరుగుకో పనికొస్తాయని వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొనబోతున్నారా? అయితే పెట్టె మీద ఏం రాశారో చూసే ముందు, వారంటీ దేనికి వర్తించదని రాశారో చదవండి. పెట్టె ముందువైపు పెద్దక్షరాల్లో ‘స్వెట్‌ప్రూఫ్’ అని ఉంటుంది, పక్కన పరుగెత్తే మనిషి బొమ్మ ఉంటుంది. లోపల మడతపెట్టిన కాగితంలో మాత్రం ‘ద్రవాల వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదు’ అని సన్నక్షరాల్లో ఉంటుంది. చెమట కూడా ద్రవమే కదా! రెండు మాటలూ ఒకే కంపెనీవి, ఒకే పెట్టెలోవి. నా డబ్బు పోయింది ఈ రెండు మాటల మధ్యే. ఇంకొకరిది పోకూడదని ఇదంతా రాస్తున్నాను.

నేను కొన్నవాటికి ఐపీఎక్స్5 రేటింగ్ ఉంది, అంటే నీళ్లను ఎంతవరకు తట్టుకుంటాయో చెప్పే గుర్తు. వ్యాయామం కోసమే చేసినవని చెప్పి అమ్మారు. వారంటీ ఇంకా ఉండగానే కుడివైపు బడ్‌కి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. ఛార్జింగ్ కేస్‌లో పెడితే లైటు రాదు, వేలితో నొక్కి పట్టుకుంటే ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో భూతద్దం కింద పెట్టి చూపించారు. బడ్ అడుగున బంగారు రంగులో రెండు చుక్కలుంటాయి కదా, వాటిలో ఒకదాని అంచు చుట్టూ పచ్చటి చిలుము పట్టింది. కేస్ గుంటలో దానికి ఎదురుగా ఉండే స్ప్రింగు పిన్ను నల్లబడి, పైకి లేవకుండా లోపలే ఇరుక్కుపోయింది. ‘లిక్విడ్ డ్యామేజ్’ అని రాసి తిరిగిచ్చేశారు. వ్యాయామానికేగా అమ్మారు అని అడిగితే, రేటింగ్ బడ్స్‌కే, కేస్‌కి లేదు అన్నారు. కౌంటర్లో ఉన్న అబ్బాయిని ఏమీ అనను, అతని చేతిలో ఏమీ లేదు. ‘చెమటతో ఉన్నవి కేస్‌లో పెట్టకండి’ అన్న ఆ ఒక్క ముక్క పెట్టె మీద ఎందుకు రాయరన్నదే నా బాధ.

ఆ ఐపీ అంకెలకు అసలు అర్థమేమిటో తెలిస్తే సగం మోసం తప్పుతుంది. ఐపీ తర్వాత వచ్చే మొదటి స్థానం దుమ్ముకి, రెండోది నీళ్లకి. మొదటి స్థానంలో ఎక్స్ ఉంటే దుమ్ము విషయంలో రేటింగ్ ఇవ్వలేదని అర్థం, అంతేగాని దుమ్ము దూరదని కాదు. రెండో అంకె 4 అయితే అన్ని వైపుల నుంచి నీళ్లు చిలకరించి చూశారు. 5 అయితే సన్నటి గొట్టంతో నీటిధార కొట్టి చూశారు. 7 అయితే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ముంచి చూశారు. అంకె పెద్దదైతే కింద ఉన్నవన్నీ తట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. 6 దాకా అది నిజమే, 7 దగ్గర మాత్రం కాదు. మునిగినా ఏమీ కాని వస్తువు ధారకు తట్టుకోవాలని లేదు, రెండు పరీక్షలూ నెగ్గితే రెండు రేటింగులూ విడివిడిగా రాస్తారు. 7 ఉంది కదా అని కుళాయి కింద గట్టిగా కడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ పరీక్షలన్నీ మామూలు నీళ్లతో, కొత్త వస్తువు మీద చేసేవి. చెమటలో ఉప్పుంటుంది. నీళ్లు ఆరిపోతే పోతాయి, ఉప్పు పోదు. రోజూ ఒక పొర మీద ఇంకో పొర పేరుకుంటుంది. పైగా బడ్‌ని కేస్‌లో పెట్టగానే ఆ చుక్కల మీదుగా కరెంటు పారుతుంది. తడి, ఉప్పు, కరెంటు మూడూ ఒకచోట చేరితే పైన ఉన్న సన్నటి బంగారు పూత కింది లోహాన్ని చిలుము తినేయడం మొదలవుతుంది. నాకు కనిపించిన చిలుము అదే. కేస్ మూత వేశాక లోపల గాలాడదు కాబట్టి తడి అక్కడే ఉండిపోతుంది. చెవిలో ఉన్నంతసేపూ బాగానే ఉన్న బడ్ కేస్‌లోకి వెళ్లాక పాడవుతుంది.

అందుకని వ్యాయామం అవగానే మెత్తటి పొడి గుడ్డతో బడ్స్ తుడవండి, ముఖ్యంగా ఆ చుక్కల దగ్గర. చెవిలోకి వెళ్లే సిలికాన్ టిప్స్ ఊడదీసి వేరుగా తుడవండి, వాటి కింద తడి దాక్కుంటుంది. కాసేపు బయట ఆరబెట్టాకే కేస్‌లో పెట్టండి. హెయిర్ డ్రయర్ వాడకండి, వేడికి బ్యాటరీ, లోపలి జిగురు రెండూ దెబ్బతింటాయి. అప్పుడప్పుడు కేస్ గుంటల్లోని పిన్నులను పొడి దూదిపుల్లతో తుడుస్తుంటే మంచిది. ఇన్ని జాగ్రత్తలు అడిగే వస్తువుని ‘చెమటకు బేఫికర్’ అని అమ్మడం అన్యాయమే, కానీ మన వస్తువు మనం కాపాడుకోక తప్పదు.

తల మీదుగా పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్స్ అయితే వ్యాయామానికి వద్దనే చెబుతాను. చాలావాటికి నీటి రేటింగే ఉండదు. చెవి చుట్టూ ఉండే మెత్తటి కుషన్లు చెమటను పీల్చుకుంటాయి, కొన్నాళ్లకు పైపొర పెచ్చులుగా లేచిపోతుంది. ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి మాత్రం అవే సుఖం.

ఇక జనం ఎక్కువగా దెబ్బతింటున్న రెండో చోటు ఈఎన్‌సీ అనే మూడక్షరాలు. ఏఎన్‌సీ అంటే బయటి రొద మన చెవికి వినపడకుండా తగ్గించేది. ఈఎన్‌సీ అంటే మనం ఫోన్ మాట్లాడేటప్పుడు మన చుట్టూ ఉన్న గోల అవతలివాళ్లకు వెళ్లకుండా ఆపేది. మైకు పని అది, మీరు వినే పాటకీ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ అమ్మకం పేజీలో ‘నాయిస్ క్యాన్సలేషన్’ అని పెద్దగా రాసి, పక్కనే చిన్నగా ఈఎన్‌సీ అని పెడుతున్నారు. జిమ్‌లో మోగే పాటల హోరు తగ్గుతుందని కొనుక్కుని, అస్సలు తగ్గడం లేదని, పీస్ పాడైందని అనుకునేవాళ్లు ఎందరో. పీస్ బాగానే ఉంటుంది, అందులో ఆ సౌకర్యమే లేదు. ఏఎన్‌సీ అన్న అక్షరాలు కనబడితేనే నమ్మండి.

బ్యాటరీ గంటల సంగతి కూడా అంతే. పెద్దగా రాసిన గంటలు కేస్‌తో కలిపి చెప్పినవి. ఒక్క ఛార్జింగ్‌తో బడ్ ఎంతసేపు పనిచేస్తుందో వేరే వరుసలో ఉంటుంది, అది కూడా సాధారణంగా సగం వాల్యూమ్‌లో, ఏఎన్‌సీ ఆపేసి లెక్కగట్టినదే. ఇంత చిన్న లిథియం బ్యాటరీ వాడే కొద్దీ తగ్గిపోతుంది, దాన్ని మార్చే వీలు చాలా మోడళ్లలో లేదు.

కోడెక్ అంటే ఫోన్ నుంచి బడ్‌కి పాటను కుదించి పంపే పద్ధతి. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టే ముందు మీ ఫోన్ ఏదో చూసుకోండి. ఎల్‌డీఏసీ అనే కోడెక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదని గొప్పగా రాస్తారు, అది నిజమే, కానీ ఐఫోన్‌లో ఎల్‌డీఏసీ లేదు, ఆప్టెక్స్ అనే ఇంకో కోడెక్ కూడా లేదు. అక్కడ ఏఏసీయే గతి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లకైనా పరుగెత్తేటప్పుడు ఆ తేడా చెవికి అందదు. పాట నాణ్యతని అంతకంటే ఎక్కువగా మార్చేది టిప్ సైజు. చెవిలో టిప్ సరిగ్గా బిగుసుకోకపోతే బేస్ మొత్తం జారిపోతుంది, ఎంత మంచి బడ్ అయినా రేకు డబ్బాలా మోగుతుంది. పెట్టెలో వచ్చే మూడు సైజులూ వేసి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు.

అయితే బాగా బిగుసుకునే టిప్‌తో పరుగెత్తితే ఇంకో చిక్కుంది. అడుగు పడ్డప్పుడల్లా ధబ్ ధబ్ అని తలలోపలే మోగుతుంది, ఊపిరి శబ్దం కూడా పెద్దగా వినబడుతుంది. చెవి మూసుకుపోవడం వల్ల అలా అవుతుంది, వస్తువు లోపం కాదు. రోడ్డు మీద పరుగెత్తేవాళ్లు చెవి మూయని ఓపెన్ ఇయర్ రకమో, ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ రకమో చూసుకోవడం మేలు. బేస్ తక్కువ, బయటి రొదలో పాట పలచబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ వెనక వచ్చే బండి వినపడుతుంది. ఏఎన్‌సీ వేసుకుని రోడ్డు మీద మాత్రం పరుగెత్తకండి.

పాట మధ్యమధ్యలో తెగిపోతోందన్న ఫిర్యాదు కూడా ఎక్కువే. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒంట్లోని నీరు పీల్చేస్తుంది. గదిలో అయితే గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఆ లోటు పూడుస్తాయి, ఆరుబయట అలా తిప్పి పంపే గోడలుండవు. అందుకే ఇంట్లో నిక్షేపంగా పాడిన బడ్ మైదానంలో, ఫోన్ వెనక జేబులో ఉంటే, తెగుతూ ఉంటుంది. రిటర్న్ గడువు దాటకముందే ఖాళీ స్థలంలో, మీరు ఫోన్ పెట్టుకునే జేబులోనే పెట్టి పరుగెత్తి చూడండి. గదిలో కూర్చుని బాగుందని తేల్చుకోకండి.

వాల్యూమ్ గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినగలిగేది 80 డెసిబెల్స్ దగ్గర. 90కి వెళితే అదే వారానికి 4 గంటలే. జిమ్ హోరుని మించి వినబడాలని పెంచుతూ పోతే ఆ 4 గంటలు ఇట్టే అయిపోతాయి. వినడం అయ్యాక చెవిలో గుయ్యిమంటుంటే అది హెచ్చరికే.

కొనే ముందు అమ్మేవాళ్లను మూడే అడగండి, నోటితో కాదు, మెసేజ్‌లో, రాతపూర్వకంగా: చెమట వల్ల పాడైతే వారంటీ ఇస్తారా, ఛార్జింగ్ కేస్‌కి రేటింగ్ ఉందా, ఒక బడ్ పోతే అదొక్కటే అమ్ముతారా. మూడోది మరిచిపోవద్దు. జత మొత్తం కొనమనే కంపెనీలున్నాయి, నాకు చెప్పింది కూడా అదే. అమ్మకం పేజీని ఆర్డర్ పెట్టిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆ పేజీలో మాటలు తర్వాత మారిపోవచ్చు. నా ఫిర్యాదుకి ఇప్పుడు ఆధారం నేను ఆ రోజు తీసుకున్న స్క్రీన్‌షాటే. వ్యాయామానికి అని వాళ్లే రాసిన వాక్యం అందులో స్పష్టంగా ఉంది. సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితంతో కలిపి దాన్ని కంపెనీ పై అధికారులకు పంపాను, జవాబు రావాల్సి ఉంది.

ఒకవైపు శబ్దం తగ్గిందని ఇప్పటికే సర్వీస్ సెంటర్‌కి బయల్దేరుతున్నవాళ్లు ఉంటే, ముందు టిప్ తీసి, శబ్దం బయటికొచ్చే చోట ఉండే జాలీ చూడండి. చాలాసార్లు గులిమి అడ్డుపడి ఉంటుంది. బడ్‌ని జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి, సూదితో పొడవకండి. దానికీ తగ్గకపోతే, ఛార్జింగ్ చుక్కలను దగ్గర్నుంచి ఫొటో తీసుకున్నాకే వాళ్ల చేతికివ్వండి.