క్రిస్మస్‌కి వియన్నా మేలా, ప్రాగ్ మేలా?

క్రిస్మస్ అంటే డిసెంబర్ 25 కదా అని సరిగ్గా ఆ రోజుకే ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దిగేలా టికెట్లు తీసుకుంటారు చాలామంది. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ ఊళ్లో సందడంతా పండగకు ముందు వారాలది. నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ 23 దాకా ఊరు వెలిగిపోతుంది. 24 సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లు చేరిపోతారు, సంక్రాంతికి హైదరాబాద్ రోడ్లు ఖాళీ అయినట్టు వీధులు బోసిపోతాయి. కాబట్టి ఏ ఊరు అందంగా ఉంటుందని కాదు, సెలవు ఎప్పుడు దొరుకుతుందని ముందు చూసుకోవాలి. 23 లోపు వెళ్లగలిగితే వియన్నా. ఆఫీసు 24కీ జనవరి 1కీ మధ్యే సెలవిస్తే చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్.

వియన్నాలో పెద్ద క్రిస్మస్ మార్కెట్, అంటే పండగ సంత, టౌన్‌హాల్ ఎదురుగా, రాథౌస్‌ప్లాట్జ్‌లో ఉంటుంది. 26 దాకా నడుస్తుంది గానీ 24న పెందలాడే కట్టేస్తారు. మనసుకు పట్టేవి మాత్రం చిన్న మార్కెట్లే. ష్పిటెల్‌బెర్గ్‌లో పాత ఇళ్ల మధ్య సన్నటి సందుల్లో ఒకటి, ఆమ్ హోఫ్ కూడలిలో ఒకటి, కార్ల్స్‌ప్లాట్జ్‌లో చేతిపనులవాళ్లది ఇంకొకటి. ఈ మూడోదాంట్లో చర్చి ముందున్న కొలనులో నీళ్లు తీసేసి గడ్డి పరుస్తారు, పిల్లలు గంటలకొద్దీ అందులో దొర్లుతూ ఉంటారు. ఇవి మూడూ 23తో సరి. ఆ తర్వాత వెళ్లినవాళ్లకు రాథౌస్‌ప్లాట్జ్ కాక మిగిలేవాటిలో ముఖ్యమైనది షోన్‌బ్రున్ ప్యాలెస్ ముందరి మార్కెట్. ఇటీవలి ఏళ్లలో దాన్ని జనవరి మొదటి వారం దాకా ఉంచుతున్నారు. ప్యాలెస్ కూడా పండగ రోజుల్లో తెరిచే ఉంటుంది.

ప్రాగ్‌లో ఓల్డ్‌టౌన్ స్క్వేర్ మార్కెట్ జనవరి 6 దాకా ఉంటుంది, 24, 25, 26 తేదీల్లో కూడా. ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఒక్క లోటుంటుంది. క్రిస్మస్ ముందు వారాల్లో చార్లెస్ వంతెన మీద గ్యాస్ దీపాలను పాతకాలపు దుస్తుల్లో ఒక మనిషి పొడుగాటి కర్రతో ఒక్కొక్కటిగా వెలిగిస్తూ వెళ్తాడు. అది తప్పిపోతుంది. డిసెంబర్ 5 సాయంత్రం అక్కడ ఉండగలిగితే మాత్రం మారుమాట లేకుండా ప్రాగ్‌కే వెళ్లండి. సెయింట్ నికొలస్, దేవదూత, గొలుసులు ఈడ్చుకుంటూ దయ్యం, ఇలా ముగ్గురేసి జట్లుగా వీధుల్లో తిరుగుతూ, ఈ ఏడాది బుద్ధిగా ఉన్నారా అని పిల్లలను నిలదీస్తారు.

పాలు, రొట్టె సంగతి చాలామంది ముందుగా ఆలోచించరు. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, 25, 26 సెలవులు, 24 మధ్యాహ్నానికే షట్టర్లు దిగుతాయి. 27 ఆదివారమైతే వరుసగా మూడు రోజులు సూపర్‌మార్కెట్లు ఉండవు. అప్పుడు దిక్కు హాప్ట్‌బాన్‌హోఫ్ లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలే, వాటి ముందు క్యూ బయటిదాకా ఉంటుంది. చెక్ చట్టం కూడా 24 మధ్యాహ్నం 12 నుంచి, 25, 26ల్లో రోజంతా దుకాణాలు మూయాలంటుంది, కానీ 200 చదరపు మీటర్లు దాటినవాటికే. వియత్నాం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు నడిపే వీధి మూల కొట్లు ఎక్కువగా తెరిచే ఉంటాయి. చిన్నపిల్లలున్న కుటుంబానికి ఇది పెద్ద ఆసరా. 24 రాత్రి భోజనానికి మాత్రం ఎక్కడైనా రెస్టారెంట్ ముందుగానే బుక్ చేసుకోవాలి.

డబ్బు దగ్గర వియన్నా తేలిక. యూరో కాబట్టి లెక్క చూసుకోవడం సులువు. తికమకంతా కప్పు దగ్గరే. గ్లూవైన్, అంటే మసాలా వేసి వేడిచేసిన వైన్, బోర్డు మీద 5 యూరోల దరిదాపు ఉంటుంది, కౌంటర్లో దాదాపు రెట్టింపు అడుగుతారు. మోసం కాదది, కప్పుకి డిపాజిట్. తాగాక అదే మార్కెట్లో కప్పు తిరిగిస్తే ఆ సొమ్ము చేతికిస్తారు. ఇంకో మార్కెట్‌కి పట్టుకెళ్తే తీసుకోరు, ఒక్కో చోట ఒక్కో బొమ్మ ఉన్న కప్పు. పున్ష్ అనే వేడి పానీయంలో సాధారణంగా మద్యం ఉంటుంది. పిల్లలకూ, మద్యం ముట్టనివాళ్లకూ ‘కిండర్‌పున్ష్’ అని అడగాలి.

ప్రాగ్ మొత్తమ్మీద చవక, ఏమరపాటుగా ఉంటే మాత్రం ఆ తేడా అంతా కౌంటర్లోనే పోతుంది. ఓల్డ్‌టౌన్ స్క్వేర్‌లో నిప్పుల మీద కాలుతున్న పంది తొడ మాంసం బోర్డు చూడండి. ధర పెద్ద అక్షరాల్లో, పక్కనే ‘100 గ్రా.’ అని చిన్నగా. అమ్మేవాడు చేతికందిన ముక్క కోస్తాడు, తూకం 300 గ్రాములు దాటుతుంది, కోశాక వద్దనడం కష్టం. కత్తి పెట్టకముందే ‘స్తో గ్రాము’, అంటే వంద గ్రాములు, అని చెప్పి కాటా మీద చూపు ఉంచాలి. కరెన్సీ అక్కడ కొరునా. ఏటీఎం ‘మీ కరెన్సీలోకి మార్చమంటారా’ అని అడిగితే వద్దనే నొక్కాలి, లేదంటే చెడ్డ రేటు పడుతుంది. మనీ ఛేంజర్ దగ్గర మోసపోయామనిపిస్తే 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా, కారణం చెప్పకుండానే రద్దు చేయించుకునే హక్కుంది. రసీదు పారేయకండి.

శాకాహారులకు వియన్నా కొంచెం నయం: కాల్చిన చెస్ట్‌నట్లు, వెల్లుల్లి రాసిన ఆలూ అట్లు (గుడ్డు ఉందేమో అడగండి), కరిగించిన చీజ్ వేసిన రొట్టె. ప్రాగ్‌లో ఆలూ అట్టు ‘బ్రాంబొరాక్’ పిండిలో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల పంది కొవ్వులో కాలుస్తారు, అడిగి తినాలి.

అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే, వియన్నాయే. చదునైన ఊరు, ట్రామ్‌లు గుమ్మం ముందుకొస్తాయి. ప్రాగ్ పాత వీధులు చాలావరకు చిన్న గ్రానైట్ రాళ్లు పేర్చినవి, తడిస్తే జారతాయి, స్ట్రోలర్ చక్రాలు ఇరుక్కుంటాయి. కోట కొండ మీద ఉంది. 22వ నంబర్ ట్రామ్‌లో పైకి వెళ్లి, కిందికి నడుస్తూ రావాలి, ఎక్కుతూ మొదలుపెడితే మోకాళ్లు పట్టేస్తాయి. చలి రెండు చోట్లా సున్నాకి అటూ ఇటూ. మంచు కురుస్తుందని నమ్మకం లేదు, సన్న జల్లే ఎక్కువ. జాకెట్ మీద పెట్టే శ్రద్ధ అరికాళ్ల మీద పెట్టరు. రాళ్ల మీద గంట నిలబడితే చలి పాదాల నుంచే ఎక్కుతుంది. మందమైన రబ్బరు సోలు, ఉన్ని సాక్సులు, వేళ్లు కదిలేంత వదులు ఉన్న బూట్లు కావాలి. బిగుతుగా ఉంటే రెండు సాక్సులు తొడిగినా వెచ్చదనం రాదు. పొద్దు నాలుగింటికే గూకుతుంది, అందుకే కోటలూ మ్యూజియంలూ పొద్దున, మార్కెట్లు సాయంత్రం. శనివారం రాత్రి రాథౌస్‌ప్లాట్జ్‌లో అడుగు పడదు, సోమ, మంగళవారాల్లో వెళ్లండి.

ఇంకో ఊరి ఆలోచన ఉంటే, బుడాపెస్ట్ సేచెన్యి వేడినీళ్ల స్నానాలకు గొప్ప ఊరే, కానీ 24 సాయంత్రం మెట్రో, బస్సులు బాగా తగ్గిపోతాయి. లండన్‌లో 25న ట్యూబ్, బస్సు, రైలు ఏవీ నడవవు, ఆ రాత్రికి విమానం ఉంటే టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.

21 నుంచి 28 దాకా సెలవుంటే రెండూ చూడొచ్చు. ముందు వియన్నా, తర్వాత ప్రాగ్. తిరగేస్తే రెండు చోట్లా నష్టమే. మధ్యలో రైలు నాలుగు గంటలు. 23 సాయంత్రం ఎక్కండి, 24 పొద్దునైతే దిగేసరికి ప్రాగ్ పెద్ద దుకాణాలు మూసేస్తుంటారు. వీసా ఒక్కటే చాలు, యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి దరఖాస్తు. ప్రయాణానికి ఆరు నెలల ముందే పెట్టుకోవచ్చు. డిసెంబర్ ప్రయాణానికి ఆగస్టు, సెప్టెంబర్లలోనే స్లాట్ చూసుకోండి.