పర్లాకిమిడి చెమ్మలో ఏ స్కర్టింగ్ నిలిచింది, ఏ కార్నిస్ రాలింది

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి మేడ మీద రేకులు ఎగిరిపోయి, గదులన్నీ తడిసిపోయాయి. ఆ తరవాత ఇల్లు బాగుచేయించుకుంటూ గోడల అంచులకీ సోకులు చేయించాం: అడుగున నేలని ఆనుకుని స్కర్టింగ్ పట్టీ, పైన గోడ కప్పుని కలిసేచోట కార్నిస్ పట్టీ. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక్కో గది కావడంతో రకం కూడా గదికొకటి అయింది. అన్నీ ఒకే ఇంట్లో, ఒకే చెమ్మలో ఉన్నాయి కాబట్టి పోల్చి చెప్పగలను.

హాల్లో వేసింది ఎండీఎఫ్ స్కర్టింగ్. తెల్ల పెయింటు మీద దాని అందం వేరే దేనికీ రాదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లు మనవి. ఎండీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో అదిమిన పలక. ముఖానికి ఎంత రంగు కొట్టినా, కోసిన కింది అంచు పచ్చిగానే ఉండి నీళ్లు పీలుస్తుంది. ఒకసారి ఉబ్బిందంటే ఆరినా పాత మందానికి రాదు. వీధి తలుపు పక్క, కాళ్లు కడుక్కొని వచ్చే చోట, ముక్క పూరీలా పొంగింది. కింది అంచుకి కూడా ప్రైమర్ కొట్టి, గచ్చుకి కాస్త సందు వదిలి సిలికాన్ పూస్తే ఎక్కువకాలం వస్తుంది. బిగించేవాళ్ల పక్కన నిలబడి అది చేయించుకునే ఓపిక ఉంటేనే కొనండి.

పడగ్గదికి నేల టైలునే నాలుగంగుళాల పట్టీలుగా కోయించాం. పై అంచు మీద దుమ్ము నిలుస్తుంది, అంతే. గోడ పూత ఆ మేరకు చెక్కించి లోపలికి కూర్చోబెట్టిస్తే అదీ ఉండదు. అంతకుమించి దాని గురించి రాయడానికేమీ లేదు, ఇంతకన్నా మెచ్చుకోలు ఏం కావాలి!

వంటింట్లో పీవీసీ, అంటే ప్లాస్టిక్ స్కర్టింగ్. నీళ్లకి లొంగలేదు, చెద పట్టలేదు. ఎండ పడే కిటికీ వైపు మాత్రం పసుపెక్కింది. ఎండాకాలం సాగి, చలికాలం కుంచించుకుపోయి, మూలల్లో అతుకులు విడతాయి.

పైన కార్నిస్ అంతా పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కింది అంతస్తులో నిక్షేపంలా ఉంది. పై గదిలో శ్లాబు చెమ్మకి మెత్తబడి పొడి రాలుతోంది. పీఓపీకి మూలం కాల్చిన జిప్సం, తడి నిలిస్తే దానికి గట్టితనం ఉండదు. "ముందు మేడ చూసుకోండి బాబూ, పువ్వులు తరవాత పెడదాం" అని తాపీ మేస్త్రి చెప్తూనే ఉన్నాడు. థర్మోకోల్ కార్నిస్ చవక, బరువుండదు. కానీ వేడికి కరిగి అంటుకునే సరుకది. దీపం వెలిగే దేవుడి గదిలో ఎవరు ఊరికే ఇచ్చినా పెట్టకండి.

కార్నిస్ సైజు విషయంలో దుకాణంవాళ్ల మాట వినొద్దు. వాళ్లు వెడల్పాటివే చూపిస్తారు. ఊళ్లో పాత మిద్దెల ఎత్తు గదుల్లో అవి నప్పుతాయిగానీ, మన తొమ్మిదిన్నర అడుగుల కప్పుకి మూడు, నాలుగు అంగుళాలు దాటితే కప్పు నెత్తిమీదికి వచ్చినట్టుంటుంది.

పాతపట్నంలో కొన్నా, బరంపురంలో కొన్నా, మూలల్లో ఏటవాలు కోతకి పోయేది లెక్కేసుకుని రెండు ముక్కలు ఎక్కువే తెచ్చుకోండి. మా పీవీసీ డిజైను ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. విడిపోయిన మూలకి వేరే పువ్వున్న ముక్క వేసి సరిపెట్టాం.